కంచంలో వదిలిన ముక్క

ఆ ఏడు తపస్సు కాలానికి మా అమ్మ పొయ్యి మానేస్తానంది.

పాస్కా, అదే ఈస్టరు పండగకి ముందు నలభై రోజుల తపస్సు కాలం వచ్చిందంటే మా గుణదలలో ఇంటికొకరు ఏదో ఒకటి మానేసేవాళ్ళు. మా నాన్న చుట్ట మానేసేవాడు. పక్కింటి అమలమ్మ ఆకూవక్కా మానేసి, నలభై రోజులూ ఉత్తి దవడలు ఆడిస్తూ తిరిగేది. గుడి ఉపదేశి లాజరుగారు కాఫీ మానేసి, కనపడిన వాళ్ళందరినీ కసురుకునేవాడు. ప్రభువు మనకోసం అంత బాధపడ్డాడే, మనకి బాగా ఇష్టమైనది ఒక్కటి మనం వదులుకోలేమా అని ఫాదరుగారు ప్రసంగంలో అడిగేవారు. ఇష్టమైనదాన్నే వదలాలి, అదీ లెక్క. మా అమ్మకి పొయ్యి తప్ప ఇష్టమైనది ఇంకేముంది? అందుకే పొయ్యి మానేస్తోంది కాబోలనుకున్నాం.

నలభై ఏడో సంవత్సరం అది. స్వతంత్రం ఇంకా రాలేదుగానీ కంట్రోలు బియ్యం వస్తుండేవి, సగం రాళ్లు, సగం పురుగులు. ఆ దిక్కుమాలిన బియ్యంతో కూడా మా అమ్మ శౌరమ్మ వండితే మెతుకు మెతుకు విడిగా ఉండేది. ఆమె పెట్టే చారు వాసనకి దారినపోయే వాళ్ళు మా ఇంటివైపు తిరిగి చూసేవాళ్ళు. ఇది నేను కూతుర్ని గనక అంటున్న మాట కాదు, ఇప్పటికీ పాతవాళ్ళనెవరినైనా అడగండి.

మా నాన్న జక్కయ్య ఏలూరు కాలవ లాకుల దగ్గర లస్కరు. పడవలొస్తే లాకు తలుపులు తీయటం, దాటాక వేయటం ఆయన పని. పడవలవాళ్ళు, చేపలవాళ్ళు అందరూ ఆయనకి తెలిసినవాళ్ళే కాబట్టి శుక్రవారం వచ్చిందంటే మా ఇంటికి చేప వచ్చేది. తపస్సులో మాంసం ముట్టకూడదుగానీ చేపకి అడ్డులేదు.

తపస్సు మొదలయ్యే విభూతి బుధవారం నాడు పూజ నుంచి వచ్చి, నుదుటిమీద బూడిద ఇంకా ఉండగానే అమ్మ గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఏవండీ, ఇయ్యాల్టినుంచి పాస్కా దాకా నేను పొయ్యి ముట్టను. మొక్కుకున్నా. తెరేస వండుద్ది."

నాన్న చొక్కా విప్పుకుంటున్నవాడల్లా ఆగి, అమ్మ ముఖంలోకి చూశాడు. తర్వాత సిలువ గుర్తు వేసుకున్నాడు.

"మంచిదే. మొక్కంటే మొక్కే," అన్నాడు.

తెరేస అంటే నేనే. నాకేమొచ్చు వంట? అమ్మ నన్ను వంటింట్లోకి రానిస్తే కదా! గుడి పక్క బడిలో చిన్నపిల్లలకి అఆలు దిద్దించి, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చోవటం తప్ప నాకింకే పనీ తెలియదు. పాస్కా నాటికి మా ముగ్గురిలో ఎవరం బతికుంటామో అనిపించింది.

ఆ సాయంత్రం అమ్మ వంటింటి గుమ్మానికి అవతల, దొడ్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. అదేంటమ్మా, మానేశావుగా అంటే, "పొయ్యి ముట్టనన్నాగానీ చేట ముట్టనన్లేదుగా," అంది. చుట్టూ కోళ్లు తిరుగుతున్నాయి. నేను పొయ్యి ఊది ఊది కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి ఆమె పక్కన కూలబడ్డాను.

"నిజం చెప్పమ్మా. ఈ మొక్కు దేవుడికేనా?"

అమ్మ ఒక రాయి ఏరి పారేసింది. ఇంకోటి ఏరింది.

"మీ నాన్నకి," అంది.

"నాన్నకి మొక్కేంటి?"

"పెళ్ళయి పాతికేళ్ళు దాటిందే. పూటపూటా ఈ చేత్తోనే వండి పెట్టా. బాగుందనీ అన్లేదు, బాగాలేదనీ అన్లేదు. పెడితే తింటాడు, లేస్తాడు, లాకుల దగ్గరికి పోతాడు. గొడ్డుకి కుడితి పెట్టినా తలకాయ ఊపుద్ది గదే." అమ్మ గొంతులో కోపం లేదు. చాలాకాలం కిందే కోపం అయిపోయిన గొంతు అది. "ఈ నలభై రోజుల్లో, 'శౌరమ్మా, నీ చేతి వంట లేకపోతే కష్టంగా ఉందే' అని ఒక్కమాట అననీ. చచ్చేదాకా ఈ ఇంట్లో వండి పెడతా."

"అనకపోతే?"

"గుడివాడ పోతా. మఠంలో పిల్లల వంటకి మనిషి లేదంట, మదరుగారు కబురు పెట్టింది."

గుడివాడ అవతల ఉన్న ఆ మఠంలోనే అమ్మ పెరిగింది. కలరా గత్తర వచ్చిన ఏడు తల్లీ తండ్రీ ఒక్క వారంలో పోతే కన్యాస్త్రీలు తెచ్చుకుని పెంచారు. అమ్మకి పుట్టిల్లంటే అదే. వంట నేర్చింది అక్కడే. అక్కడ పిల్లలెవరైనా కంచంలో మెతుకు వదిలితే సిస్టరుగారు చెవి మెలిపెట్టేదట. బాగుంటే ఎవరైనా ఎందుకు వదులుతారు అనేది అమ్మ, నేను చిన్నప్పుడు ఏదైనా వదిలేస్తే.

"ఈ సంగతి మీ నాన్న చెవిన వేశావంటే మరియ తల్లి మీద ఒట్టే," అంది అమ్మ చేట దులుపుతూ. "అడిగించుకుని అనిపించుకున్న మాట నాకొద్దు."

మర్నాటి మధ్యాహ్నం నేను వండిన పప్పు అడుగంటింది. అన్నం పలుకు మీద ఉంది. నాన్న పీట మీద కూర్చున్నాడు. అమ్మ వెనక వసారాలో జపమాల తిప్పుకుంటోంది. నేను భయపడుతూ వడ్డించి, ఎదురుగా నిలబడ్డాను. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మాడు వాసన నాకే తెలుస్తోంది, తినే ఆయనకి తెలియదా? ఆయన మింగాడు. మింగి, ఎన్నడూ లేంది గొంతు పెద్దది చేసుకుని అన్నాడు.

"బాగుందమ్మా! ఇంకాస్త వెయ్యి పప్పు!"

ఇంకాస్త వెయ్యమని మా నాన్న అడగ్గా నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అమ్మకీ మాకూ మధ్య ఉన్నది ఉత్తి తడికే. తడిక అవతల పూసలు తిరిగే చప్పుడు ఆగిపోయింది.

అది మొదలు. ఉప్పు కషాయం లాంటి చారు పెడితే, "అబ్బ, చారంటే ఇట్టా ఉండాలి!" అన్నాడు. వంకాయ కూరలో కారం వెయ్యటం మర్చిపోతే, "కమ్మగా ఉందే," అన్నాడు. తిన్న తర్వాత చెంబుడు నీళ్లు తాగేవాడు. మనిషి నానాటికీ చిక్కిపోతున్నాడు, మెచ్చుకోలు మాత్రం పెరిగిపోతోంది. పక్కింటి అమలమ్మ కూడా విని, "ఏమే తెరేసా, మీ అమ్మని మించిపోయావంటగా!" అని గోడమీంచి వేళాకోళమాడింది. అమ్మ ఆ మాటకి నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మొదటి శుక్రవారం కొరమీను వచ్చింది. నేను తిప్పి తిప్పి పులుసులో ముక్కలన్నీ చిదిపేశాను. చితకని ముక్కలు ఏరి నాన్నకి వేశాను. అందులో పొట్ట దగ్గర ముక్క ఒకటి ఆయన కంచం అంచుకి జరిపి, వదిలేసి లేచాడు. నేనేమీ అనుకోలేదు, నా పులుసు ఆమాత్రం తినటమే గొప్ప. అయినా ఆయన కంచంలో అమ్మ వండినప్పుడు కూడా ఎప్పుడూ ఏదో ఒక ముక్క మిగిలేది. ఆయన చెయ్యి కడుక్కుని లాకుల దగ్గరికి పోగానే అమ్మ కంచం దొడ్లోకి తీసుకెళ్ళి విదిలించేది, కోళ్లు ఎక్కడెక్కడినుంచో పరిగెత్తుకొచ్చేవి. తర్వాత అమ్మ తన గిన్నెలో తనకింత పెట్టుకుని, వంటింట్లో ఒక మూల కూర్చుని తినేది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కదా, నేనూ కంచం తీసుకెళ్ళి కోళ్లకి విదిలించాను.

కొన్నాళ్ళకి నాకు ఒళ్ళు మండిపోయింది. బడి వదలగానే తిన్నగా లాకుల దగ్గరికి పోయాను. నాన్న ఒక్కడే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చుట్ట లేక వేళ్ళు ఊరికే నలుపుకుంటున్నాడు.

"నీకు నాలుక చచ్చిపోయిందా నాన్నా? ఆ మాడుకూడు బాగుందంటావేంటి?"

"మెల్లగానే!" నాన్న అటూ ఇటూ చూశాడు, అక్కడికేదో అమ్మ కాలవలో దాక్కుని వింటున్నట్టు. "బాగాలేదంటే మీ అమ్మ ఊరుకుంటదా? లేచొచ్చి గరిటె పట్టుకుంటది. మొక్కు చెడిపోద్ది. ఆ పాపం నాకెందుకు?"

"అందుకని..."

"మొక్కులో ఉన్న మనిషి ముందు ఆ మానేసినదాని ఊసే ఎత్తకూడదమ్మా. నేను చుట్ట మానేస్తే ఈ నలభై రోజులూ మీ అమ్మ అగ్గిపెట్టె కూడా నా కంటపడనీదు. ఆమె నా మొక్కుని అంత కాపాడితే, ఆమె మొక్కుని నేను చెడగొడతానా? నువ్వు బాగా వండుతున్నావంటే ఆమెకి బెంగ ఉండదు. హాయిగా జపం చేసుకుంటది." కాసేపు నీళ్లకేసి చూసి, చాలా చిన్న గొంతుతో అన్నాడు. "మీ అమ్మ చారు తాగి ఎన్నాళ్ళయిందే."

ఓరి దేవుడా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మాట ఇక్కడ కాదు నాన్నా, ఇంటికొచ్చి అను, అని నోటిదాకా వచ్చింది. మరియ తల్లి మీద ఒట్టు ఉంది. కానీ ఆయన మాట అమ్మకి చెప్పకూడదని ఎవరూ ఒట్టు పెట్టలేదుగా! ఒక్క పరుగున ఇంటికొచ్చాను.

"అమ్మా! నాన్న బాగుంది బాగుంది అనేదంతా నీ మొక్కు చెడకూడదనంట! నీ చారు కోసం మొహంవాచి ఉన్నాడు. తల్లి తోడు, ఇప్పుడే నాతో అన్నాడు."

అమ్మ బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆగలేదు.

"నీతో అన్నాడు. నాతో అన్నాడా?"

"నీతో అనకూడదనేగా ఆయన బాధ!"

"సరే. ఈ నలభై రోజులూ మొక్కు అడ్డమొచ్చింది. అంతకుముందు పాతికేళ్ళు ఏం అడ్డమొచ్చిందే?"

ఆమె నాన్న పంచె మడతపెట్టి, అంచులు చేత్తో సాపు చేసింది. మళ్ళీ తనే అంది.

"పాస్కా రోజున మొక్కు తీరిపోద్దిగా. ఆరోజు నేనే వండి, నేనే వడ్డిస్తా. అప్పుడు అంటాడేమో చూద్దాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పకుండా అంటాడనుకున్నాను. ఇన్నాళ్ళు నా వంట తిన్నవాడు అనక చస్తాడా!

ఈలోగా, పాస్కాకి వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారం వచ్చింది. పూజ అయ్యాక అందరం చేతుల్లో కొమ్మలతో గుడి ముందు నిలబడి ఉంటే, ఫాదరుగారు నాన్నని పిలిచారు. ఉపదేశి లాజరుగారు పక్కనే ఉన్నాడు. అమ్మ తలమీద కొంగు కప్పుకుని, నాన్నకి కొంచెం ఎడంగా నిలబడింది.

"జక్కయ్యా, గుడివాడ మఠం మదరుగారు శౌరమ్మని పంపమని అడుగుతున్నారు. అక్కడ తల్లీ తండ్రీ లేని పిల్లలకి వండి పెట్టాలి. ఒక ఏడాది అనుకోండి. ఆమెకి ఇష్టమేనట. కానీ నువ్వు భర్తవి, నీకు సమ్మతమైతేనే."

అమ్మ తలెత్తి నాన్నని చూసింది. అంతమందిలో మగవాడి ముఖంలోకి అలా తిన్నగా చూసే మనిషి కాదు. నాన్న చేతిలో కొమ్మ ఆకులు ఒక్కొక్కటే తుంచుతున్నాడు. ఆయన ముఖం పాలిపోయింది, నేను చూశాను. వద్దను నాన్నా, వద్దనవయ్యా అని నాలో నేను కొట్టుకుంటున్నాను.

"దేవుడి పిలుపుకి అడ్డంపడేవాణ్ణి కాదండీ," అన్నాడు నాన్న. "ఆమె ఇష్టమే నా ఇష్టం."

"నీది పెద్ద మనసు జక్కయ్యా," అన్నారు ఫాదరుగారు. లాజరుగారు నాన్న భుజం తట్టాడు. అమలమ్మ వచ్చి అమ్మ చేతులు పట్టుకుని, ఇంత మంచి మొగుడు ఏ జన్మలో పుణ్యమో అన్నట్టు మాట్లాడింది. ఇంటికి వచ్చేటప్పుడు ఎప్పుడూ నాన్న ముందూ అమ్మ వెనకా నడిచేవాళ్ళు. ఆరోజు అమ్మ ముందు నడిచింది.

పాస్కా పూజ నుంచి రాగానే అమ్మ తలంటి పోసుకుంది. పొయ్యి అలికి, దాని ముందు నిలబడి సిలువ గుర్తు వేసుకుని అగ్గి రాజేసింది. నేను గుమ్మంలో కూర్చుని చూశాను. ఏ గిన్నె ఎక్కడుందో వెతుక్కోలేదు, చెయ్యి చాపితే గిన్నె చేతికొచ్చింది. గారెలు వండింది. వేట మాంసం తెప్పించి, మసాలా తనే నూరి, మట్టి దాకలో కూర పెట్టింది. ధనియాలూ లవంగాలూ వేగిన వాసన వీధి చివరిదాకా పోయింది.

"అమ్మో శౌరమ్మా!" అంది అమలమ్మ గోడమీంచి. "నీ తాలింపు ముందు నా పండగ వంట చిన్నబోయింది గదే! తెరేస చేతినుంచి మీ ఆయన్ని దేవుడే గట్టెక్కించాడు."

నాన్న గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని, చిన్నపిల్లాడిలా ముందే వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. కూరలో కార్జం ముక్కలు ఏరి ఏరి ఆయన అన్నం మధ్యలో వేసింది. నేను తడికకి ఆనుకుని నిలబడ్డాను. అమ్మ గరిటె పట్టుకుని ఆయన ఎదురుగానే నిలబడింది, లోపలికి పోలేదు.

నాన్న మొదటి ముద్ద తిన్నాడు. తలెత్తలేదు. రెండో ముద్ద తిన్నాడు. గబగబా తిన్నాడు, మళ్ళీ అన్నం పెట్టించుకున్నాడు. ఆయన కళ్ళలోంచి నీళ్లు కారి మీసాల్లోకి పోతున్నాయి.

"కారం ఎక్కువైందా?" అంది అమ్మ.

ఆమె అలా అడగటం నేను వినటం అదే మొదటిసారి. ఇంకెవరైనా అయితే ఆ ప్రశ్నలో ఉన్నది కారం కాదని తెలుసుకునేవాళ్ళు.

"లేదు, లేదులే," అన్నాడు నాన్న, ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

చివరికి కంచంలో కార్జం ముక్క ఒకటి మిగిలింది. అన్నిటికన్నా పెద్దది. ఆయన దాన్ని మెల్లగా కంచం అంచుకి జరిపాడు. ఒక్కసారి తలెత్తి అమ్మవైపు చూసి, లేచి చెయ్యి కడుక్కుని అరుగు మీదికి పోయాడు. నలభై రోజుల తర్వాత మొదటి చుట్ట వెలిగించిన వాసన వచ్చింది.

అమ్మ వంగి కంచం తీసింది. దొడ్లోకి నడిచింది. కోళ్లు పరిగెత్తుకొచ్చాయి.

సాయంత్రం ఆమె మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చుని చేపల పులుసు పెట్టింది. మర్నాడు ప్రయాణం. పులుసైతే ఎండాకాలం కూడా రెండు పూటలు నిలవుంటుందని, మేం తినటానికి. నేను ఆమె పక్కన కూర్చుని వెళ్ళొద్దని బతిమాలాను. నాన్న కళ్ళ నీళ్లు చూడలేదా అన్నాను.

"కారానికి నీళ్లొచ్చాయేమో, ఎవరికి తెల్సు?" అంది. చింతపండు పిసుకుతూ అంది. "నోటితో అనకపోతే పోనీయ్ తెరేసా. మాటలు రాని మనిషని నాకు తెలీదా? కానీ కాపరానికొచ్చిన మొదటిరోజు నుంచీ అంతే. ఏ ముక్క బాగుందని నేను ఏరి వేస్తానో, ఆ ముక్కే పక్కకి నెట్టి లేస్తాడు. ఇయ్యాల కూడా చూశావుగా. నా చేతిది సయించలేదని చెప్పటానికి ఇంకెట్టా చెప్పాల? నోరు లేకపోయినా కంచం చెబుతానే ఉంది గదా, పాతికేళ్ళనుంచీ."

"నేను పోయి అడుగుతా," అని లేచాను.

అమ్మ పులుసు చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "నేను ఇంట్లో ఉండగా అడిగావంటే నా మీద ఒట్టు. పోయేటప్పుడన్నా నన్ను మర్యాదగా పోనీ."

సోమవారం పొద్దున్నే స్టేషనుకి పోయేందుకు జట్కా వచ్చింది. లాజరుగారికి అటువైపు పనుంది, ఆయన తోడు వెళుతున్నాడు. నాన్నకి లాకుల దగ్గర పడవలు ఆగి ఉన్నాయి. అమ్మ పెట్టె ఆయనే భుజాన వేసుకుని తెచ్చి జట్కాలో పెట్టాడు.

"జాగ్రత్త," అన్నాడు.

"పులుసు దాకలో ఉంది. వేడిచేసి పెట్టమనండి," అంది అమ్మ.

"ఊఁ."

జట్కా కదిలింది.

మధ్యాహ్నం నాన్న అన్నానికి వచ్చాడు. నేను పులుసు వేడిచేసి వడ్డించాను. తెల్లారిన పులుసు, ముక్కకి ఉప్పూ పులుపూ పట్టి, మామూలు రోజైతే నేనే దాక ముందు కూర్చుని సగం తినేదాన్ని. నాన్న మెల్లగా తిన్నాడు. పొట్ట దగ్గర ముక్కని కంచం అంచుకి జరిపాడు. ఎప్పుడూ అయితే వెంటనే లేచిపోయేవాడు. ఆరోజు లేవలేదు. ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా అలాగే కూర్చున్నాడు. ఎవరైనా వచ్చి కంచం తీస్తారని చూస్తున్నాడో ఏమో.

వేళ దాటేసరికి కోళ్లు దొడ్డి గుమ్మం దగ్గరికి వచ్చాయి. ఒక పెట్ట గడపెక్కి, మెడ చాపి కంచంకేసి చూసింది. తర్వాత తిన్నగా లోపలికి వచ్చింది. దాని వెనకే మిగతావి వచ్చాయి.

"ఛీ, పో! ఏంటే ఇవి, ఇంట్లోకొచ్చేస్తున్నాయి?"

"కంచం కోసం నాన్నా."

"కంచం కోసమేంటి?"

"నువ్వు వదిలిన ముక్క అమ్మ వాటికే వేసేదిగా. అలవాటయింది."

నాన్న నా ముఖంలోకి చూశాడు.

"కోళ్లకా?"

"మరి నువ్వు తినవుగా! నచ్చకేగా వదిలేది?"

"నచ్చకేంటే పిచ్చిదానా!" అన్నాడు నాన్న. "అది మీ అమ్మది. మా నాయన మా అమ్మకి అట్టాగే వదిలేవాడు. మా తాతా అంతే. మంచి ముక్క పెళ్ళానికి అట్టిపెట్టకుండా లేచినవాణ్ణి మా ఇళ్ళల్లో మనిషనరు. మా అమ్మ ఆ కంచంలోనే ఇంత అన్నం పెట్టుకుని, ఆ ముక్కతో తినేది. ఇది ఒకరు చెప్పాలా? ఏ ఆడదానికి తెలీదు?"

పుట్టింట్లో ఒక తల్లి ఉండి, తండ్రి కంచంలో తినటం చూసిన పిల్లకైతే తెలుస్తుంది. మఠంలో కన్యాస్త్రీల మధ్య పెరిగిన పిల్లకి ఎవరు చెబుతారు? ఆ మాటే అన్నాను. అమ్మ నిన్న సాయంత్రం అన్నదంతా కూడా చెప్పేశాను. అమ్మ ఇల్లు దాటాక ఒట్టు ఇంకెక్కడిది?

నాన్న కంచం అంచున ఉన్న ముక్కకేసి చూశాడు.

"అన్నీనా?" అన్నాడు.

"నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నా."

"నిన్నటి కార్జం?"

"అదీ."

ఆయన ఎడమచేత్తో కోళ్లని అదిలించాడు. కంచం దగ్గరికి లాక్కుని, ఆ ముక్క తీసుకుని, ముళ్లు ఏరుకుంటూ కొంచెం కొంచెంగా తిన్నాడు. అమ్మ చేతి వంటలో మంచి ముక్క మా నాన్న తినటం అదే మొదటిసారి.

"బాగుంది," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "ఎంత బాగుందే, తెరేసా."

ఇంట్లో నేనూ కోళ్లూ తప్ప ఎవరూ లేం. గుడివాడ రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఆ ఆదివారమే నేను మఠానికి పోయి అమ్మకి అంతా చెప్పాను. ఆమె వరండా బల్ల మీద కూర్చుని వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అంతా కోళ్లకేశానా నేను?" అంది. తర్వాత, "మొదటిరోజు, ఇది నీకే శౌరమ్మా అని ఒక్కమాట అంటే తినేదాన్ని గదే," అంది. ఇంతలో గంట కొట్టారు, పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. ఒక బుడ్డది పళ్ళెం ఎత్తి పట్టుకుని, "బాగుందమ్మగారూ, ఇంకొంచెం," అంది. అమ్మ దానికి రెండు గరిటెలు వేసింది.

"వస్తాలే. ఈ పిల్లలు కాస్త పెద్దవాళ్ళు కానీ," అని నన్ను సాగనంపింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ వెనక కొత్తవాళ్ళు వచ్చారు. నాన్న నెలకోసారి వెళ్ళేవాడు. ఆ బల్ల మీద కూర్చుని లాకుల కబుర్లు, నా పెళ్ళి కబుర్లు చెప్పి, సాయంత్రం బండికి వచ్చేసేవాడు.

"ముక్క సంగతి అమ్మతో అన్నావా నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"నువ్వు చెప్పావుగా," అన్నాడు.

అప్పటినుంచి పోయేదాకా మా నాన్న కంచంలో ఒక్క మెతుకు వదల్లేదు. కోళ్లు మాత్రం చాలాకాలం, ఆయన చెయ్యి కడుక్కునే చప్పుడు వినపడగానే వచ్చి దొడ్డి గుమ్మం దగ్గర నిలబడేవి.